ఒక్క సవరణ చాలు

స్విచ్‌ల సాఫ్ట్‌వేర్‌కి కొత్త విడుదల వచ్చినప్పుడల్లా దాని రిలీజ్ నోట్స్‌ని నేను చివరి నుంచి చదువుతాను. మొదటి పేజీల్లో కొత్త ఫీచర్లుంటాయి, వాటిని తీరిగ్గా చూడొచ్చు. చివర్లో రెండు పట్టికలుంటాయి. సరిచేసిన లోపాలు ఒకదాంట్లో, ఇంకా సరికాని లోపాలు రెండోదాంట్లో. స్విచ్‌లు తయారుచేసే సిస్కో వాళ్ల పత్రాల్లో ఒక్కో లోపానికి సీఎస్‌సీ అనే అక్షరాలతో మొదలయ్యే గుర్తు, పక్కన ఒకే ఒక్క వాక్యం. ఫలానా సేవ నడుస్తుంటే మెమరీ కొంచెం కొంచెంగా కరిగిపోతోంది. ఫలానా పోర్టు నుంచి ఫోన్ తీసి మళ్లీ పెడితే కరెంటు అందడం లేదు. ఒకదానికొకటి కలిపిన స్విచ్‌ల స్టాక్‌లో ఒకటి ఉన్నట్టుండి రీలోడ్ అవుతోంది, అంటే ఆగి మళ్లీ మొదలవుతోంది. అమ్మేవాళ్లే తమ సరుకులో ఎక్కడెక్కడ తప్పుందో ఇంత విడమరిచి రాసివ్వడం మిగతా వ్యాపారాల్లో నేనైతే పెద్దగా చూడలేదు. నాకు ఈ పని నేర్పినవాటిలో ఆ పట్టికలకు పెద్ద పీట వేస్తాను.

ఈ స్విచ్ అనేది పాఠకుల్లో చాలామంది కంటపడి ఉండదు. ఆఫీసులో ఏదో మూల తాళం వేసిన చిన్న గదిలో, ఇనుప ర్యాక్‌కి బిగించి, ముందువైపు 24 పోర్టులతోనో 48 పోర్టులతోనో పచ్చలైట్లు మినుకుమినుకుమంటూ ఉండే పెట్టె అది. బల్లల మీది కంప్యూటర్లు, ఐపీ ఫోన్లు, సీలింగ్‌లోని వైఫై యాక్సెస్ పాయింట్లు, సీసీ కెమెరాలు, తలుపు దగ్గర కార్డు రీడరు, అన్నిటి తీగలూ దాని దగ్గరికే చేరతాయి. లోపల ఒక పూర్తిస్థాయి ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. ఫోన్‌కి నెలనెలా అప్‌డేట్ చేసుకునే యజమానికి ఈ పెట్టెకి కూడా ఆ అవసరం ఉందన్న సంగతి తట్టదు. కొన్న రోజున ఏ వెర్షన్ ఉందో ఏళ్లు గడిచినా అదే నడుస్తూ ఉంటుంది.

నేను పనిలో చేరిన కొత్తల్లో అదే గొప్పగా ఉండేది. ఫలానా స్విచ్ ఇన్నేళ్లుగా ఒక్కసారి కూడా రీలోడ్ కాలేదని స్క్రీన్ మీద అప్‌టైమ్ చూపించి సంబరపడేవాళ్లం. ఇప్పుడు ఆ అంకె ఎంత పెద్దదైతే నాకు అంత గుబులు. అన్నేళ్లూ దానికి ఏ భద్రతా సవరణా అందలేదనే కదా దానర్థం. పైగా రీలోడ్ చేస్తే మళ్లీ లేస్తుందో లేదో ఎవరికీ భరోసా ఉండదు. ఎప్పుడో చేసిన మార్పులు సేవ్ చేశారో లేదో తెలియదు, ఫ్లాష్ పాడైపోయిందేమో తెలియదు. ముట్టుకోవడానికి భయపడే పెట్టె అలా తయారవుతుంది. ముట్టుకోక భయం, భయంతో ముట్టుకోకపోవడం.

ఆ భయానికి ఒక న్యాయమైన కారణం ఉంది. సిస్కో స్విచ్‌ల పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్‌లో సాఫ్ట్‌వేర్ అంతా ఒకే ఫైలు. చీమంత లోపం సరిచేయాలన్నా మొత్తం ఫైలు మార్చాల్సిందే. కొత్త ఫైల్లో మనం కోరుకున్న సవరణ ఉంటుంది, దాని వెంట మనం అడగనివీ వస్తాయి. ఒక డిఫాల్ట్ సెట్టింగ్ మారిపోతుంది, ఒక పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతిని తీసేస్తారు, ఒక కొత్త సేవ చెప్పకుండానే మొదలవుతుంది. మెమరీ సమస్య ఒక్కటి తీరితే చాలనుకుని ఒక సంస్థలో వెర్షన్ మార్చడానికి సిద్ధమయ్యాం. ముందు ల్యాబ్‌లో పెట్టి చూస్తే, వాళ్ల పర్యవేక్షణ సర్వర్ లాగిన్‌కు వాడే పాత పద్ధతిని కొత్త వెర్షన్ ఒప్పుకోవడం లేదు. భద్రత కోణంలో అది మంచి మార్పే. కానీ ఆ సర్వర్‌ని మార్చడం వేరే విభాగం పని, వేరే బడ్జెట్, వేరే అనుమతి. మెమరీ సవరణ ఆ సర్వర్ కోసం నెలల తరబడి ఆగిపోయింది. సవరణనీ హంగునీ ఒకే మూటలో కట్టి ఇవ్వడమే మా వృత్తిలో అసలు చిక్కని నేను నమ్ముతాను. ఈ రెంటినీ విడదీసి చూడగలగడమే నేర్చుకోవాల్సిన పని.

అందుకే సాఫ్ట్‌వేర్ మెయింటెనెన్స్ అప్‌డేట్ అనే పద్ధతి ఆఫీసు స్విచ్‌ల దాకా వచ్చినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. పొట్టిగా ఎస్‌ఎంయూ అంటారు. సిస్కో పెద్ద రౌటర్లలో ముందునుంచీ ఉన్న ఈ ఏర్పాటు, ఐఓఎస్ తర్వాతి తరమైన ఐఓఎస్ ఎక్స్‌ఈతో కెటలిస్ట్ 9000 స్విచ్‌ల వరుసకూ అందింది. పట్టుచీర చిరిగితే రఫ్ఫూ చేసేవాడి దగ్గరికి తీసుకెళ్తాం. ఆ చీర పోగుల మధ్యనే కొత్త పోగు అల్లి ఇస్తాడు. అది ఆ చీరకే, ఇంకో చీరకు పనికిరాదు. ఎస్‌ఎంయూ కూడా ఒకే ఒక్క వెర్షన్ కోసం తయారవుతుంది. 17.9.4 కోసం చేసినది 17.9.5 మీద ఎక్కదు. లోపమున్న భాగం వరకే మారుతుంది, మిగతా సాఫ్ట్‌వేర్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కొత్త ఫీచర్ ఒక్కటి కూడా వెంట రాదు. అందులోనూ రెండు రకాలు. నడుస్తున్న స్విచ్‌ని ఆపకుండానే వేసేది హాట్ ప్యాచ్. వేశాక రీలోడ్ అడిగేది కోల్డ్ ప్యాచ్. పైన చెప్పిన సంస్థలాంటి చోట అప్పట్లో ఈ సౌకర్యం ఉండి ఉంటే ఆ నెలలన్నీ మిగిలేవి.

అయితే ప్రతి లోపానికీ ఎస్‌ఎంయూ రాదు. ముఖ్యమైన వాటికే, అదీ ప్రధానంగా ఎక్కువ కాలం మద్దతున్న విడుదలలకే ఇస్తారు. ఐఓఎస్ ఎక్స్‌ఈ 16, 17 వరుసల్లో విడుదలలకు ఊళ్ల పేర్లూ కొండల పేర్లూ పెట్టారు. డెనాలి, ఎవరెస్ట్, ఫుజి, జిబ్రాల్టర్, ఆ తర్వాత ఆమ్‌స్టర్‌డామ్, బెంగళూరు, కూపర్టినో, డబ్లిన్. 17.4 నుంచి 17.6 దాకా బెంగళూరే. ఒక్కో పేరు కింద మూడేసి విడుదలలు. 17 వరుసలో మొదటి రెంటికి ఏడాది మద్దతు, మూడోదానికి 36 నెలలు. కాబట్టి 17.3, 17.6, 17.9, 17.12 అంటూ మూడేసి మెట్లు దాటి వెళ్లేవాళ్లకు సవరణలు సులువుగా దొరుకుతాయి. కొత్త ఫీచర్ మోజులో మధ్య మెట్టు మీద నిలబడ్డవాళ్లు ఏడాది తిరిగేసరికి మళ్లీ మొత్తం మార్చుకోవాలి. ఏ మెట్టు మీద నిలబడాలో ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. ఆ ఎంపిక కొనుగోలు నాడే చేయాలి, కానీ కొనుగోలు నాడు ఈ మాట ఎత్తేవాళ్లే తక్కువ.

పని చేసే తీరు గురించి కొంచెం చెప్పాలి, నాకు ఇష్టమైన భాగం అదే. డౌన్‌లోడ్ చేసిన ఫైలు హ్యాష్‌ని, అంటే దాని వేలిముద్రలాంటి గుర్తుని, తయారీదారు ఇచ్చిన హ్యాష్‌తో సరిపోల్చాక స్విచ్‌లో మూడు అడుగులు పడతాయి. యాడ్ అంటే ఫైలు లోపలికి వెళ్లి, ఈ స్విచ్‌కి సరిపోతుందో లేదో పరీక్ష జరుగుతుంది. యాక్టివేట్ అంటే సవరణ అమల్లోకి వస్తుంది. కమిట్ అంటే ఇక ఇదే శాశ్వతమని స్విచ్‌కి మాటిస్తాం. వెర్షన్ మార్చేటప్పుడు యాక్టివేట్‌కీ కమిట్‌కీ మధ్య ఒక గడువు లెక్క నడుస్తుంటుంది, మామూలుగా రెండు గంటలు. ఆలోపు మనం కమిట్ ఇవ్వకపోతే స్విచ్ తనంతట తాను పాత వెర్షన్‌కి వెళ్లిపోతుంది. జునిపర్ స్విచ్‌లలో కాన్ఫిగరేషన్ మార్పుకి ఇలాంటిదే ఉంది, కమిట్ కన్ఫర్మ్డ్ అంటారు. పది నిమిషాల్లో మళ్లీ ఒప్పుకోలు చెప్పకపోతే పాతదే తిరిగొస్తుంది. దూరాన ఎక్కడో ఉన్న స్విచ్‌ని మార్చి, ఆ మార్పుతోనే మన దారి మూసుకుపోతే, అక్కడికి లేత నీలం రంగు కన్సోల్ కేబుల్ పట్టుకుని వెళ్లే మనిషి దొరకని అర్ధరాత్రి వేళ ఈ గడువే కాపాడుతుంది.

మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన ఒక అబ్బాయి అడిగాడు: "అన్నా, మూడూ కలిపి ఒకే లైన్‌లో ఇవ్వొచ్చు కదా, ఎందుకు విడివిడిగా?"

"ఇవ్వొచ్చు తమ్ముడూ. అప్పుడు ఆ రెండు గంటలు ఎవరికిచ్చినట్టు?"

"స్విచ్ లేచింది, పోర్టులన్నీ పచ్చగా ఉన్నాయి. ఇంకేం చూడాలి?"

"పోర్టు పచ్చగా ఉంటే తీగ బాగుందని అర్థం. రిసెప్షన్‌కి ఫోన్ చెయ్. తలుపు దగ్గర కార్డు గీకమను. ప్రింటర్‌కి ఒక కాగితం పంపు. మార్చకముందు ప్రీ చెక్‌లో ఎన్ని పరికరాల మ్యాక్ అడ్రసులున్నాయో ఇప్పుడూ అన్ని ఉన్నాయా చూడు. ఆ తర్వాతే కమిట్."

అతను ఇప్పుడు నాకంటే పొడవైన చెక్‌లిస్టు రాస్తాడు. ఆ రెండు గంటల్ని వృథా అనుకునే మేనేజర్లతో వాదించడం కూడా నేర్చుకున్నాడు. హైదరాబాద్‌లో ఈ రంగంలోకి వచ్చే పిల్లల్లో చాలామంది అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్ల నుంచే వస్తారు. వీల్యాన్, స్పానింగ్ ట్రీ, ఓఎస్‌పీఎఫ్ కళ్లు మూసుకుని కాన్ఫిగర్ చేస్తారు. నేను చూసినంతలో, నడుస్తున్న నెట్‌వర్క్‌ని పాడుచేయకుండా మార్చడమెలాగో మాత్రం ఎవరూ వాళ్లకు కూర్చోబెట్టి చెప్పి ఉండరు. ఉద్యోగంలో మొదటి ఏడాది వాళ్లు చేసేదంతా అదే అయినా కూడా. సిలబస్‌లో దీనికి వారం రోజులు కేటాయించమని ఆ ఇన్‌స్టిట్యూట్ల వాళ్లను ఈ కాలమ్ ముఖంగా అడుగుతున్నాను.

సమయం సంగతి ఇంకో పెద్ద కష్టం. అమెరికా తూర్పు తీరంలోని క్లయింట్‌కి శనివారం రాత్రి 11 గంటలకు మార్పులకు కేటాయించే మెయింటెనెన్స్ విండో అంటే, వేసవిలో మనకు ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర. గచ్చిబౌలిలో, మాదాపూర్‌లో ఎన్నో ఇళ్లలో ఆదివారం పొద్దుట బ్రిడ్జ్ కాల్ నడుస్తూ ఉంటుంది, ఇంట్లోవాళ్లు టిఫిన్‌కి ఎదురుచూస్తుంటారు. ఆఫీసుకి ఆదివారమైనా ఉంది. ఆసుపత్రికి అదీ లేదు. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ కూలిపోయింది. అతుకులు వేసుకుంటూ పెంచిన నెట్‌వర్క్, ట్రాఫిక్ చక్రంలా తిరగకుండా చూసే స్పానింగ్ ట్రీ మోయగలిగిన హద్దు దాటిపోయింది. డాక్టర్లు, నర్సులు రోజుల తరబడి కాగితం మీద పనిచేశారు. ల్యాబ్ ఫలితాలు మనుషులు చేత్తో మోసుకెళ్లారు. దాచిపెట్టకుండా ఆ ఆసుపత్రి జరిగిందంతా బయటికి చెప్పడం వల్లే మా తరం దాన్ని చదివి నేర్చుకుంది. అలాంటి చోట రీలోడ్ అనే మాటని ఎవరు తేలిగ్గా అనగలరు? అందుకే రీలోడ్ అడగని హాట్ ప్యాచ్ విలువ ఆసుపత్రి నెట్‌వర్క్ చూసేవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. స్విచ్‌ని నడిపే సూపర్‌వైజర్ కార్డులు రెండున్న పెద్ద స్విచ్‌లలో ఒకదాన్ని మార్చి, పని దానికి అప్పగించి, ఆ తర్వాత రెండోదాన్ని మార్చే పద్ధతి ఉంది. కెటలిస్ట్ 9300లో ప్యాకెట్లు పంపే చిప్ తన పని తాను చేస్తుండగానే సాఫ్ట్‌వేర్ మళ్లీ మొదలయ్యే ఏర్పాటు వచ్చింది. ట్రాఫిక్ ఆగేది 30 సెకన్లలోపే. షరతులు చాలానే ఉన్నాయి, కానీ ముందు ఇందుకు నిమిషాలు పట్టేది.

స్విచ్‌లకు వచ్చిన ఫీచర్లలో నేను మనసారా మెచ్చుకునేది పర్‌పెచువల్ పీఓఈ. తీగలోంచే పరికరాలకు కరెంటు ఇవ్వడాన్ని పీఓఈ అంటారు. 2003 నాటి ప్రమాణంలో ఒక పోర్టు 15.4 వాట్లిచ్చేది, 2018లో వచ్చిన దాంతో 90 వాట్ల దాకా ఇస్తుంది. కెమెరాలు, ఫోన్లు, కొన్నిచోట్ల గది దీపాలు కూడా స్విచ్ మీదే ఆధారపడ్డాయి. స్విచ్ రీలోడ్ అయితే అవన్నీ ఆరిపోయేవి. ఈ ఏర్పాటుతో సాఫ్ట్‌వేర్ రీలోడ్ అవుతున్నా పోర్టుల్లో కరెంటు ఆగదు. కెమెరా మళ్లీ మొదటి నుంచి బూట్ కానక్కర్లేదు. సవరణ వేయడాన్ని సులువు చేయడానికే పుట్టిన ఫీచర్ ఇది. ఇలాంటివి ఎన్నొచ్చినా కళ్లకద్దుకుంటాను.

కానీ రెండు ఫీచర్ల కథ చెప్పకపోతే నా వాదన అసంపూర్తిగా ఉంటుంది.

మొదటిది స్మార్ట్ ఇన్‌స్టాల్. కొత్త స్విచ్‌ని పెట్టెలోంచి తీసి ర్యాక్‌లో పెట్టి తీగ తగిలిస్తే చాలు, సాఫ్ట్‌వేర్, కాన్ఫిగరేషన్ రెండూ దానంతట అవే వచ్చి చేరతాయి. వందల బ్రాంచీలున్న బ్యాంకుకి వరమే. అయితే టీసీపీ 4786 పోర్టు మీద నడిచే ఈ సేవ క్లయింట్ స్విచ్‌లలో ఎవరూ ఆన్ చేయకుండానే ఆన్ అయి ఉండేది, అవతలివాళ్లెవరని అడిగేది కాదు. దుర్వినియోగం కావచ్చని 2017 ఫిబ్రవరిలోనే హెచ్చరికలొచ్చాయి. 2018 మార్చి 28న, దీని కోడ్‌లో సీవీఈ-2018-0171 అనే తీవ్రమైన లోపానికి సవరణ విడుదలైంది. వారం పైచిలుకు గడిచిందో లేదో, ఏప్రిల్ 6న ఇరాన్‌లో, రష్యాలో డేటా సెంటర్ల స్విచ్‌ల కాన్ఫిగరేషన్లు చెరిగిపోయాయి. వాటి స్థానంలో అక్షరాలతో గీసిన అమెరికా జెండా, మా ఎన్నికల జోలికి రావద్దన్న అర్థంతో ఒక వాక్యం. తమ దేశంలో 3,500, ప్రపంచమంతటా 2 లక్షల స్విచ్‌లు దెబ్బతిన్నాయని ఇరాన్ ప్రభుత్వం ప్రకటించింది. నిజానికి అలాంటి దాడికి కోడ్‌లోని లోపం కూడా అక్కర్లేదు, అడ్డూ అదుపూ లేని ఆ సౌకర్యమే చాలు. ఆ స్విచ్‌ల యజమానుల్లో ఎక్కువమంది జీవితంలో ఎప్పుడూ స్మార్ట్ ఇన్‌స్టాల్ వాడి ఉండరనే నా అనుమానం. వాడని తలుపు తెరిచే ఉంది.

రెండోది వెబ్ పేజీ ద్వారా స్విచ్‌ని నడిపే సౌకర్యం. కమాండ్లు రానివాళ్లకు బ్రౌజర్‌లో బొమ్మల మీద నొక్కితే పనైపోతుంది. 2023 అక్టోబరు 16న ఐఓఎస్ ఎక్స్‌ఈలోని ఆ వెబ్ సౌకర్యంలో సీవీఈ-2023-20198 బయటపడింది. తీవ్రత పదికి పది. పాస్‌వర్డ్ లేకుండానే బయటివాళ్లు అత్యున్నత స్థాయి ఖాతా సృష్టించుకోగలిగారు. వేలాది పరికరాల్లో అప్పటికే చొరబడి ఉన్నారు, సవరణలు రావడం మొదలైంది 22న. ఇక్కడే నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసే సంగతి ఒకటుంది. చొరబాటుదారులు పెట్టిన దొంగ కోడ్ రీలోడ్ చేస్తే మాయమైపోయేది, వాళ్లు సృష్టించిన ఖాతా మాత్రం మిగిలేది. కొత్త వెర్షన్ వేసి, రీలోడ్ చేసి, పనైపోయిందని పడుకున్నవాళ్ల స్విచ్‌లో ఆనవాలు చెరిగిపోయి దొంగ తాళంచెవి భద్రంగా ఉండిపోతుంది. స్విచ్ తన మెమరీలో దాచుకునే లాగ్ కూడా రీలోడ్‌తోనే పోతుంది. భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం లాగ్‌లను 180 రోజులు ఉంచాలంటోంది. బయటి సర్వర్‌కి లాగ్ పంపని చోట రీలోడ్‌కి ముందు వాటిని తీసి పక్కన పెట్టడం నేను చేసే మొదటి పని. ఆ తర్వాత ఖాతాల జాబితా చూస్తాను. ఎవరిదో చెప్పలేని ఖాతా ఒక్కటి కనిపించినా సవరణ ఆపి, ముందు దాని సంగతి తేల్చుకుంటాను.

అన్ని సవరణలూ దొంగల కోసమే కావు. పాత ఐఓఎస్ వెర్షన్లలో స్విచ్ తనకు తానే సంతకం చేసుకున్న సర్టిఫికెట్ల గడువు 2020 జనవరి 1తో ముగిసేలా కోడ్‌లోనే రాసి ఉంది. మన లెక్కలో కొత్త సంవత్సరం తెల్లవారుజామున ఐదున్నరకి, ఎవరి ప్రమేయమూ లేకుండా, వాటి మీద ఆధారపడ్డ సేవలకు కష్టమొచ్చింది. ముందుగానే రాసి హెచ్చరించారు. చదివినవాళ్లు చదివారు.

తయారీదారులను నేను కోరేవి రెండే. సవరణను హంగుతో ముడిపెట్టకుండా, ఇప్పటికంటే ఎక్కువ లోపాలకు, ఇప్పటికంటే ఎక్కువ ఏళ్లు ఇవ్వండి. కొత్త సేవ ఏదైనా మూసి ఉంచి ఇవ్వండి, కావాల్సినవాళ్లం మేమే తెరుచుకుంటాం. సంస్థల పెద్దలను అడిగేదీ ఉంది. మూణ్నెల్లకోసారి ఒక రాత్రిని మెయింటెనెన్స్ విండోగా క్యాలెండర్‌లో ముందే రాసిపెట్టండి, ప్రమాదం వచ్చాక అనుమతుల కోసం పరుగెత్తే పరిస్థితి తేకండి.

ఈలోగా చేయగలిగింది ఉంది. 2025 ఆగస్టు 20న అమెరికా ఎఫ్‌బీఐ ఒక హెచ్చరిక జారీ చేసింది. రష్యా గూఢచారి సంస్థ ఎఫ్‌ఎస్‌బీకి చెందిన బృందం కీలక సంస్థల నెట్‌వర్క్ పరికరాల నుంచి కాన్ఫిగరేషన్ ఫైళ్లు దోచుకుంటోందని. అందుకు వాడుతున్న దారుల్లో ఆ 2018 నాటి స్మార్ట్ ఇన్‌స్టాల్ లోపం ఒకటి. అప్పటికే సవరణ వచ్చి ఏడేళ్లు దాటింది. ఆ పరికరాల్లో కొన్నిటికి మద్దతు గడువే ముగిసింది, వాటికిక ఏ సవరణా రాదు. మీ సంస్థలో పాత కెటలిస్ట్ స్విచ్‌లుంటే "షో వీస్టాక్ కాన్ఫిగ్" అని కొట్టి చూడండి. క్లయింట్‌గా స్మార్ట్ ఇన్‌స్టాల్ ఆన్‌లో ఉందని చెబితే, కాన్ఫిగరేషన్ మోడ్‌లో "నో వీస్టాక్" ఇచ్చి సేవ్ చేయండి. మరీ పాత వెర్షన్‌లో ఆ ఆదేశం లేకపోతే యాక్సెస్ లిస్ట్‌తో 4786 పోర్టుని మూసేయండి. రెంటిలో దేనికీ రీలోడ్ అక్కర్లేదు, ఆదివారం దాకా ఆగనూ అక్కర్లేదు.